మీరు కాదు, ఆవిడ

1968లో జర్మనీ ఆసుపత్రి వరండాలో కోటబొమ్మాళి నర్సులిద్దరు, వరసకు అక్కాచెల్లెళ్లు; చెల్లెలు అక్కని ‘అప్పా’ అని పిలుస్తుంది.

“అప్పా, ఘోరం అయిపోనాది. పక్క మంచం ముసలామెకి ఎలగున్నాదని నాలుగో మంచం ఆవిడ అడిగింది. ‘సచ్చిపోతన్నారు’ అనీసినాను.”

“అందులో తప్పేటి?”

“మరియాదకని మనలాగ బహువచనం పెట్టీసినాను. జర్మన్‌లో ‘ఆవిడ’కీ ‘మీరు’కీ ఒకటే మాట, అలగంటే ‘మీరు సచ్చిపోతన్నారు’ అని అర్థమంట!”

“అయ్యో! ఎంటనే ఎల్లి దిద్దుకో.”

“ఎల్లినాను. నా వ్యాకరణం తప్పు, మీరు కాదు, ఆవిడ అని ఏడిసినాను.”

“ఏటన్నాది?”

“నా సెయ్యి పట్టుకున్నాది. ‘డాక్టర్లందరూ దాసినారు, నువ్వొక్కర్తివే నిజం సెప్పినావు’ అన్నాది. అప్పా, నిజమేనా? ఆవిడ రిపోర్టు నువ్వు సూసినావు కదా?”

అక్క అవునన్నట్టు తలూపింది.

“ఇప్పుడా యమ్మకి ఏ మాట సెప్పమంటావు?”

“ఏ మాటా వద్దే. ఎల్లి ఆవిడ పక్కన కూకో.”