వెనక మెట్ల మీద బిస్కెట్లు

యూదులకు పవిత్రమైన యోమ్ కిపూర్ ఉపవాసం రోజు, మధ్యాహ్నం. బ్యూనస్ ఎయిర్స్‌లో మా ప్రార్థనా మందిరం, సినగాగ్ వెనక మెట్ల దగ్గర ఇద్దరు ముసలమ్మలు గొడవపడుతున్నారు. ఒకామె బిస్కెట్లు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పెర్లా అనే ఆమె గోడ పట్టుకుని వణుకుతూ నిలబడింది.

“నోరు తెరువు, పెర్లా.”

“తెరవను. చుక్కలు పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను.”

“షుగర్ పడిపోయి చేతులు ఎలా వణుకుతున్నాయో చూసుకో! తినమని మన మతగురువు రబ్బీగారే చెప్పారు కదే?”

“ఆయనకేం, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు. పన్నెండో ఏట నుంచి నేను ఒక్క ఏడాది కూడా తప్పలేదు.”

“ప్రాణం మీదికొచ్చినప్పుడు తినకపోతేనే పాపం. ఎన్నిసార్లు చెప్పాలే నీకు, మొండిదానా!”

“నువ్వు మాత్రం నిక్షేపంగా ఉపవాసం ఉండి నాకు చెబుతున్నావా?”

“నేను ఉండటం లేదు.”

“ఏంటీ?”

“గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచీ, మూడేళ్లుగా తింటున్నాను. బాత్‌రూమ్‌కని చెప్పి వచ్చి, ఈ మెట్టు మీదే కూర్చుని రెండు బిస్కెట్లు తింటాను.”

“మరి పక్కన కూర్చుని ఆకలి, ఆకలి అని నా ప్రాణం తీశావు కదే!”

“సిగ్గేసింది. లోపల అందరూ కడుపు మాడ్చుకుంటుంటే నేనొక్కదాన్నే తింటున్నానని ఎలా చెప్పను?”

“నాక్కూడానా? అరవై ఏళ్ల స్నేహం మనది!”

“నీ దగ్గరే ఎక్కువ సిగ్గు.”

“మూడేళ్లూ ఇక్కడ ఒక్కదానివే కూర్చుని తిన్నావా?”

“ఎవర్ని పిలవమంటావు మరి?”

“దొంగమొహందానా! జరుగు. ఒకటి ఇటివ్వు.”