పాటలాయన మీద అయిదు ఫిర్యాదులు

బకోలోడ్ పట్నంలో ఒక ఇరుకు సందు. మధ్యాహ్నపు ఎండ. రోసెందా పక్కింటి ముసలాయన ఇనుప గేటును జావ గరిటెతో బాదుతోంది.

“తలుపు తియ్యి తాతా! లోపలున్నావని తెలుసు. దగ్గు వినిపిస్తోంది.”

“అది దగ్గు కాదు. ఇంట్లో లేనని చెప్పడం.”

“మూడు రోజులైంది నువ్వు నోరు విప్పి. చచ్చావేమో అనుకున్నా.”

“చస్తే మొదటి వాసన నీకే వచ్చేది, గోడ అవతలేగా నువ్వుండేది. ఆ గరిటేంటి? కొట్టడానికా?”

“జావ కలుపుతూ వచ్చేశా. పాడు.”

“ఏంటీ?”

“పాడు తాతా. ఆ ఏడుపుగొట్టు పాట, ప్రేయసి పడవెక్కి పోయేది. ఏదో ఒకటి. ఆ కరవోకే పెట్టె ఆన్ చెయ్యి, మైకు పట్టుకో.”

“ఒంట్లో బాగుందా రోసెందా? నా గొంతు వింటే కుక్కలు సందు మారతాయని కొట్టు దగ్గర నలుగురిలో అన్నది నువ్వేగా?”

“అన్నాను. ఇప్పటికీ అంటాను. పాట అవగానే నీకు తొంభై ఏడు మార్కులిచ్చే ఆ పెట్టెకి చెవుడు. అయినా పాడు.”

“కుదరదమ్మా. శనివారం లోపు పాడితే పెట్టె పట్టుకుపోతామని మన పేట పెద్ద, ఆ బరంగాయ్ కెప్టెన్, కాగితం పంపాడు. శనివారం ఆఫీసులో పంచాయితీ. నా మీద ఫిర్యాదు వెళ్లింది.”

“...ఎవరిచ్చారట?”

“పేరు లేదు. ‘ఇరుగుపొరుగు’ అని ఉంది.”

“ఎవరైతే ఏంలే. కెప్టెన్ ఈ టైములో గుర్రు పెడుతుంటాడు. ఒక్క పాట.”

“ముందు సంగతేంటో చెప్పు. పిల్ల ఎలా ఉంది?”

“నింగ్‌నింగా? బానే ఉంది.”

“రోసెందా.”

“బానే ఉందన్నాగా! పదహారేళ్లది, మంచం మీంచి తనంతట తను లేవలేదు, మాట రాదు. అలా బానే ఉంది. మూడు రోజులుగా నోరు తెరవట్లేదు తాతా. గరిటె దగ్గరకి రాగానే పళ్లు బిగించేస్తోంది. నీ గోడ వంకే చూస్తోంది.”

“నా గోడ వంకా?”

“నువ్వు పాడితే అది అరిచేది కదా. ఆ అరుపులకి నా నరాలు తెగేవి. నీ పాటకి భయపడి ఏడుస్తోందనుకున్నా. కన్నతల్లిని, నాకు తెలీదా అనుకున్నా. తెలీలేదు. అది ఏడుపు కాదు. నీతో కలిసి పాడటం.”

“అయితే ఇన్నాళ్లూ నాకో జంట గొంతు ఉందన్నమాట! శ్రుతిలోనే ఉండేదా?”

“నీకంటే నయం. నవ్వించకు, నాకిప్పుడు నవ్వొస్తే ఆగదు. నిన్న స్నానాల గదిలో గడియ పెట్టుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని అరిచాను. ఇవాళ పొద్దున దాన్ని నిద్రలో వదిలేసి బస్టాండు దాకా పోయాను. ఏ ఊరి బస్సని కూడా చూడలేదు. వాళ్ల నాన్న ఎక్కి పోయిందే అయ్యుంటుంది. ఎక్కేసేదాన్నే.”

“మరెందుకు ఎక్కలేదు?”

“చెప్పు తెగింది.”

“చవక చెప్పులు ఎప్పటికైనా మేలు చేస్తాయని మా ఆవిడ పాసింగ్ అనేది. బతికున్నన్నాళ్లూ నన్ను కొత్తవి కొననివ్వలేదు.”

“తాతా... ఆ ఫిర్యాదు నేనే ఇచ్చాను.”

“ఆఁ?”

“నేనే. సంతకం పెట్టే ధైర్యం లేక పేరు రాయలేదు. కొడతావా, ఇదిగో గరిటె. శనివారం నేనే వచ్చి వెనక్కి తీసుకుంటా. అందరి ముందూ తిట్టు, పడతా. ఇప్పుడు మాత్రం పాడు.”

“నీది ఎప్పటిది?”

“ఎప్పటిదేంటి? పోయిన నెలది. ఒక్కటేగా ఇచ్చింది!”

“అయిదున్నాయి.”

“అయిదా? ఆ లూర్దెస్ అయ్యుంటుంది. ఇస్త్రీ చేస్తూ చేస్తూ మనుషుల్ని కూడా కాలుస్తుంది, దాని నాలుక...”

“లూర్దెస్‌నేం అనకు. మొదటి ఫిర్యాదు అందాక ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. అదిగో, లోపల ఒకరు ఆ కుర్చీలో, ఇంకొకరు ఆ బల్ల మీద కూర్చున్నారు. పాసింగ్ పోయాక ఈ రెండేళ్లలో ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. రెండేసి కప్పుల కాఫీ తాగారు. ‘ఎలా ఉన్నారు పెద్దాయనా?’ అని అడిగారు. నేను చెప్పింది రాసుకున్నారు కూడా.”

“అయితే?”

“అయితే ఏముంది. మళ్లీ రారేమోనని మిగతా నాలుగూ నేనే రాశా. ఎడమచేత్తో.”

“నీ మీద నువ్వే?!”

“బాగా తిట్టుకున్నాలే. మొదటి దాంట్లో ‘గాడిద గొంతు’ అన్న ముక్క నచ్చి అదే వాడుకున్నా.”

“పిచ్చి ముసలాయనా... ఛీ, ఈ కన్నీళ్లొకటి నాకు.”

“ముక్కు తుడుచుకో. గరిటెతో కాదు! పద, మైకు తీగ మీ కిటికీ దాకా వస్తుంది. నేను పాట అందుకుంటా, పిల్ల నోరు తెరవగానే నువ్వు జావ పెట్టు.”

“పెట్టె పట్టుకుపోతేనో?”

“పట్టుకుపోవడానికైనా మనుషులు రావాలిగా. కాఫీ పెడతా. శనివారం నింగ్‌నింగ్‌ని కూడా తీసుకురా. ఆఫీసులో ఫ్యానుంది, రొట్టెలు పెడతారు, కబుర్లకి పదిమంది ఉంటారు.”

“సరే. వెళ్లగానే రాజీ అని సంతకం పెట్టేస్తా.”

“కొంప ముంచకు తల్లీ! పంచాయితీలో నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, రాజీకి మాత్రం ఒప్పుకోకు. తెగని గొడవకి మూడు శనివారాలు పిలుస్తారు.”