ఐదుకి తొమ్మిది వచ్చిన మాస్టారు

"చరిత్ర మాస్టారూ, ఇటు రండి, ఇక్కడ ఖాళీ ఉంది," అని క్యాంటీన్ ఆయన కేకేశాడు.

మాస్టారు చంకలో ఫైలుతో వచ్చి కూర్చున్నారు. యూనివర్సిటీలో టీచర్లు ఏడాది పనికి తమకి తామే పాయింట్లు వేసుకుని ఇవ్వాల్సిన ఫారానికి ఆ సాయంత్రం ఐదింటికి గడువు. డెబ్బై దాటితేనే ప్రొఫెసర్ పదవి. ఆయనకిదే ఆఖరి అవకాశం.

"ఎంతొచ్చిందండీ?" అంది కెమిస్ట్రీ మేడమ్.

"తొంభై రెండమ్మా, అదీ మొహమాటపడితే. పాఠాల గడిలో నేను చెప్పిన గంటలు కొట్టానా, మీకు రోజుకి ముప్పై గంటలా అని అడిగింది కంప్యూటరు, పరీక్షల ముందు అంతే అని కొట్టాను, మళ్ళీ మాట్లాడితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లలు మనకి ఐదుకి ఇన్నని వేస్తారు కదా, నాకు ఏడేశారు."

"ఐదుకి ఏడా?"

"నేనూ అదే అన్నాను, తప్పు నాయనా, దిద్దండి అన్నాను. దిద్ది తొమ్మిదేశారు. చోటు చాలక కిటికీలకి వేలాడి విన్నవాళ్ళు విడిగా వేశారనుకోండి. ఇక వ్యాసాలంటారా, రాద్దామనుకుంటున్నదాన్ని కూడా నలభై మంది ఉదహరించేశారు, ఇప్పుడు వాళ్ళ పరువు కోసం నేను రాయాలి."

మాస్టారి గొంతులో అబద్ధం కూడా వెచ్చగా ఉంటుంది. క్యాంటీన్ ఆయన టీ పోయడం మర్చిపోయి నిలబడ్డాడు.

"నూట నలభై దాటేసరికి పాయింట్లు చూసే కమిటీ ఐదుగురూ మా ఇంటికొచ్చారు. అయ్యా, కాస్త తగ్గించుకోండి, మిగతావాళ్ళు బతకాలి కదా అని. మా ఆవిడ కుర్చీలేసింది. పోనీలే అని యాభై వదిలేశాను. మేడమ్, రేపు మీ పాయింట్లు చూసుకోండి, అందులో నావుంటాయి."

"చాలా థాంక్సండీ," అంది మేడమ్, నవ్వకుండా.

రికార్డుల గదిలో పనిచేసే అమ్మాయి పక్క బల్ల దగ్గర్నుంచి నెమ్మదిగా అంది. "బాబాయిగారూ, పాయింట్లకి రుజువు జతచెయ్యాలి. పాఠాలకి రుజువు హాజరు పుస్తకమే. పొద్దున మీది తీసి చూశాను. ఏడాది మొత్తంలో ఒక్క పేరు పక్కనా ఒక్క గీత లేదు. కాగితం ప్రకారం మీరు ఒక్క క్లాసూ చెప్పలేదు."

ఆ అమ్మాయి కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

"చెప్పారని నాకు తెలుసు. మా గది మీ క్లాసు గోడ పక్కనే కదా, రోజూ మీ గొంతు వింటూనే ఉన్నాను. ఇంకా రెండు గంటలుంది. ఎవరెవరొచ్చేవారో చెప్పండి, పిలిపించి సంతకాలు తీసుకుంటాను."

మాస్టారు ఫైలు తాడు ముడి విప్పి, మళ్ళీ వేశారు.

"నాకు తెలీదమ్మా. పేర్లు పిలిస్తే ఎవరూ పలకరేమోనని భయం. బోర్డు వైపు తిరిగే చెప్పేవాణ్ణి."