ఎర్ర పిట్ట సబ్బు

డ్రాయింగ్ మాస్టారి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించే కాగితం బల్ల మీద ఉంది. సంతకం పెట్టాల్సిన పెన్ను ప్రిన్సిపాల్ మేడమ్ చేతిలో ఉంది. మూత మాత్రం ఆవిడ ఇంకా తియ్యలేదు.

"...బొమ్మలు నేర్పమంటే క్లాసులో సబ్బుల బేరం మొదలెట్టారేంటి మాస్టారూ?"

"బేరం కాదు మేడమ్, లోగోల పాఠం. కంపెనీ పేరు చెరిపేసి గుర్తు ఒక్కటే చూపించాను. చూడగానే పేరెలా గుర్తొస్తుంది, రంగు వల్లా, గీత వల్లా అని..."

"గుర్తొచ్చింది, బ్రహ్మాండంగా గుర్తొచ్చింది! నిన్న సాయంత్రానికల్లా తల్లులందరూ మన స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారి కొట్టు మీద పడ్డారు. ఎర్ర పిట్ట సబ్బు కావాలట. అదే కావాలని పిల్లలు ఇంట్లో ఒకటే గోల."

"ప్రెసిడెంటు గారేమన్నారు?"

"ఏమంటారు పాపం! స్టాకు అయిపోయింది, సోమవారం వస్తుందన్నారు."

"అయిపోయిందన్నారా?"

"సప్లై సరిగ్గా లేదట. దానికంత నోరు తెరుస్తారేంటి?"

"మేడమ్, ఆ సబ్బు లేదు."

"నేను చెప్తున్నదీ అదేగా, అయిపోయిందని."

"అయిపోవడం కాదు, అసలు పుట్టనే లేదు. ఆ పిట్ట నేను కల్పించి గీసింది. తెలిసిన గుర్తుల మధ్య లేనిదొకటి పెడితే పిల్లలేమంటారో చూద్దామని. సబ్బు అని కూడా నేననలేదు. ముందు బెంచీలో ఒకడు 'సబ్బు సార్' అన్నాడు. అంతే, గొర్రెల మందలా అందరూ 'అవును సార్, మా ఇంట్లో అదే' అన్నారు. ఒకడైతే వాళ్ళ బాబాయి ఆ కంపెనీలో మేనేజరన్నాడు."

"ఉండండుండండి. ఎర్ర పిట్ట... తోక ఇలా పైకెత్తి ఉంటుంది, అదేగా?"

"అదే మేడమ్."

"మరి లేదంటారేంటి! మా ఇంట్లో ఎప్పట్నుంచో అదే వాడతాం. మా అత్తగారు ఇంకోటి ముట్టుకోరు."

"వాసన ఎలా ఉంటుంది మేడమ్?"

"ఎలా ఉంటుందేంటి? సబ్బు వాసన!"

"ఓహో."

"అలా చూడకండి. ఈ మధ్య కాస్త నాణ్యత తగ్గింది, అంతే."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. పీరియడ్ చివర్లో అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా గ్రూప్ ఫోటోకని మీరే అందర్నీ బయటికి పిలిపించారు. రేపు మొదటి పీరియడ్‌లో చెప్పేస్తాను."

"ఏమని?"

"ఆ పిట్ట నా బొమ్మ, సబ్బంతా ఉత్తిదే అని."

"అంటే ప్రెసిడెంటు గారు అబద్ధమాడారనా మీ ఉద్దేశం? నేనూ..."

"మిమ్మల్ని అనడం లేదు..."

"మీరనక్కర్లేదు, పిల్లలంటారు. వద్దు మాస్టారూ. పిట్ట ఉంది, సబ్బు ఉంది, స్టాకు లేదు. అక్కడితో వదిలెయ్యండి. ఇదిగో, నేనూ సంతకం పెట్టేస్తాను. భార్యాపిల్లలున్నవాళ్ళు మీరు."

"ఉన్నారు మేడమ్. కానీ..."

"ఇంకా కానీ ఏంటి?"

"ఒక్కమ్మాయి చెయ్యెత్తలేదు. లేచి నిలబడి 'నాకు తెలీదు సార్, మా ఇంట్లో లేదు' అంది. క్లాసంతా గొల్లుమంది. 'మీ ఇంట్లో అసలు సబ్బే ఉండదేమో' అని ఏడిపించారు. వెక్కివెక్కి ఏడ్చింది. అంతమందిలో నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. నేను నోరు తెరిచేలోపే ఫోటోకి పిలుపొచ్చింది. ఉబ్బిన కళ్ళతోనే వెళ్ళి నిలబడింది. నిన్నట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు మేడమ్."

"పిల్లలన్నాక ఏడుస్తారు. మా అమ్మాయీ మీ క్లాసేగా, రాత్రి అదీ అన్నం తినకుండా పడుకుంది. ఎందుకే అంటే చెప్పదు. అన్నీ పట్టించుకుంటూ కూర్చుంటే అవుతుందా?"

"అవదు మేడమ్."

"అయినా ఊరంతా వాడే సబ్బు తెలీదంటే, ఆ ఇంట్లో పెంపకం అలా ఏడ్చింది. నలుగురితో ఎలా మసలుకోవాలో తల్లి నేర్పాలి. రేపు ఆ తల్లిని పిలిపించండి, నాలుగు చీవాట్లు పెడతాను."

"పిలిపించక్కర్లేదు."

"ఏం, ఎందుకక్కర్లేదు?"

"ముందు ఆ సంతకం ఆపండి మేడమ్, చెప్తాను. ఆవిడ నాకెదురుగానే కూర్చునున్నారు."