ఐతారం సీరియల్, ఆరు తూటాల రివాల్వర్

భూమన్న చాయ్ హోటల్ల బాలమల్లు నోరు తెరిచిండంటే, పొయ్యి మీద పాలు పొంగినా భూమన్నకు సోయి ఉండది. బెల్లంపల్లిల గా సంగతి అందరికీ ఎర్కే. కానీ గియ్యాల బాలమల్లు ఊకెనే మొదలుపెట్టలే.

ఆడపిల్లల బడి పంతులమ్మ రోజారాణి చాయ్ తాగుతందుకు వచ్చి ఓ ముచ్చట చెప్పింది. సోమవారం పోలీస్ స్టేషన్ల ఓపెన్ హౌస్. పిల్లలకు తుపాకులు చూపిస్తరు. ఎన్కటి ఆరు తూటాల రివాల్వర్ సుత తెప్పిస్తుండ్రు. దాని పక్కన నిలబడి గా కాలం ముచ్చట్లు చెప్పే పాత మనిషి ఒకలు కావాలె.

"రివాల్వర్ పేల్చినోళ్లైతే ఇంకా మంచిగుంటది," అన్నది.

బాలమల్లు బెంచి మీద ముంగటికి జరిగిండు. ఉద్యోగం చేసినన్ని దినాలు పోలీసు జీపు తోలిండాయన. రివాల్వర్ పక్క సీట్లనే ఉండేది, ఎస్సై సాబ్ నడుముకు, తోలు ఒరల. ఒక్కపారి చేతుల పట్టుకుంటే సాలు అని అప్పటి నుంచి ఆశ. గా ఆశనే నోట్లకెళ్లి తన్నుకొచ్చింది.

"పేల్చినోడే నీ ముంగట కూసున్నడు బిడ్డా!"

అన్నడు. అన్నంక ఎన్కకు తీసుకునుడు ఆయనకు అలవాటు లేదు.

"జర సప్పుడు చెయ్యకుండ్రి. గప్పుడు ఐతారం పొద్దుగాల ఢిల్లీ టీవీల ఇన్‌స్పెక్టర్ సీరియల్ వచ్చేది. గా ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ తీసి 'హ్యాండ్సప్' అన్నడంటే, మన బజార్ల కుక్కలు సుత ముందటి కాళ్లు లేపేటియి. ఊరంత ఒక్క టీవీ కాడనే. మరి దొంగలకు పండుగ కాదా? ఎస్సై సాబ్ సీరియల్‌కు పోవుకుంట రివాల్వర్ నా చేతుల పెట్టి, 'బాలమల్లూ, ఊరు నీ మీదున్నది' అన్నడు. మార్కెట్ కాడ ఒకడు కోడిని సంకల పెట్టుకొని పోతుండు. రివాల్వర్ చూపెట్టిన. కోడిని ఇడిచిపెట్టిండు."

"గంతేనా?" అన్నడు భూమన్న, గిలాసల చాయ్ పోసుకుంట.

బాలమల్లుకు పౌరుషం వచ్చింది. "గంతేనా అంటవేందిరా! గది నమూనా. మల్ల ఐతారం ఏమైందో ఎర్కేనా? గంత మంది కూసొని చూస్తుంటే, నడుమలకెళ్లి ఒకడు లేచి టీవీనే ఎత్తుకపోయిండు!"

"నడుస్తున్న టీవీనా? మరి కరెంటు?" అన్నది రోజారాణి.

"బ్యాటరీ బిడ్డా, ట్రాక్టర్ బ్యాటరీ! టీవీ నెత్తిన, బ్యాటరీ సంకల, సైకిలెక్కి దౌడు తీసిండు. బొమ్మ నడుస్తనే ఉన్నది! ఎన్క ఊరంత ఉరుకుతుండ్రు. దొంగను పట్టుకుందామనుకున్నవా? కాదు, సీరియల్ చూస్తందుకు! నేను జీపు స్టీరింగ్ మోకాళ్లతోని పట్టి, రివాల్వర్ తీసి, ధన్! సైకిల్ బెల్లుకు తగిలింది. ట్రింగుమన్నది. ఎవరో బెల్ కొడుతుండ్రనుకొని వాడు పక్కకు జరిగి నాకు సైడిచ్చిండు!"

భూమన్న నవ్వాపుకోలేక చాయ్ గిలాస బయట పోసిండు. గప్పుడే కూరగాయల సంచితోని బాలలక్ష్మి వచ్చి బెంచి మీద కూసున్నది. ఎన్కట బొగ్గుబాయిల పని చేసినోళ్ల ఇంటి పెద్దమనిషి, బాలమల్లుకు వరుసకు అక్క. ఆమెను చూడంగనే బాలమల్లు మొఖం పక్కకు తిప్పుకున్నడు. కానీ పంతులమ్మ కండ్లు పెద్దగ చేసుకొని వింటున్నది. బ్రేకులు పోయిన జీపు ఎక్కడ ఆగుతది?

"చెన్నూరు దాటినం. గోదావరి ఒడ్డు. తొవ్వల ఇంకో నాలుగు పేల్చంగ తూటా ఒక్కటే మిగిలింది. దాన్ని పేల్చబుద్ధి కాలే, రివాల్వర్‌నే ఇసిరికొట్టిన!"

"అన్నా, రివాల్వర్‌కు తాడుంటది గదా, భుజానికి కట్టి?" అన్నడు భూమన్న.

"ఉంటది! గందుకే గదరా వాని చెంప పగులగొట్టి మల్ల నా చేతులకే వచ్చింది! అటెన్క ఏమైందో ఎర్కేనా? ఆఖరు తూటా కొడితే వాడు వంగిండు. తూటా పోయి పోయి జైనూర్ గుట్టలకు తగిలి, తిరిగొచ్చి సీదా టీవీలకు దూరింది. అద్దం పగులలే! లోపట విలన్ ఇన్‌స్పెక్టర్ మీద తుపాకి పెట్టి ఉండె. వాని చేతికే తగిలింది. ఇన్‌స్పెక్టర్ నా దిక్కు తిరిగి సెల్యూట్ కొట్టి, 'షుక్రియా బాలమల్లు భాయ్' అన్నడు! గా సీరియల్ ఎందుకు బందైందనుకున్నరు? విలన్ దవాఖాన్ల పడితే ఎట్ల తీస్తరు?"

బాలమల్లు ఆయాసపడుకుంట పంతులమ్మ దిక్కు చూసిండు.

"బాలమల్లూ," అన్నది బాలలక్ష్మి నిమ్మళంగ. "గా టీవీ మాదే గదరా. అది మా ఇల్లు దాటి ఎన్నడూ బయటికి రాలే. ఎస్సై సాబ్ రివాల్వర్ నడుముకు పెట్టుకొనే ముందటి కుర్చీల కూసునేటోడు. మరి నువ్వెక్కడుంటివో చెప్పాల్నా? మా కప్పు మీద, యాంటెన్నా గుంజ పట్టుకొని! 'వచ్చిందా?' అని నువ్వు, 'రాలే, జర కుడికి తిప్పు' అని మేము. సీరియల్ అయిందాక ఇడువకుండ పట్టుకునేటోనివి. నువ్వు దాన్ని విన్నవే గాని, ఒక్క బొమ్మన్న చూసినవా?"

హోటలంత గొల్లుమన్నది. బాలమల్లు తల వంచుకున్నడు. సోమవారం ముచ్చట ఇక పోయినట్టే అని ఆయన పానం ఉసూరుమన్నది.

"అంటే రివాల్వర్ సుత పట్టలేదా కాకా?" అన్నది రోజారాణి.

"పక్క సీట్ల ఉండేది బిడ్డా. గేర్ మార్చినప్పుడు మోచెయ్యి తగిలేది. గంతే."

పంతులమ్మ చాయ్ గిలాస కింద పెట్టింది. "ముచ్చట్లైతే చెప్పకు కాకా, మా పిల్లలు నమ్ముతరు. కానీ సోమవారం తప్పకుండ రా. తూటాలు తీసి పిల్లల చేతికిస్తరు. మా లైన్ల నిలబడు, నువ్వు సుత పట్టుకొని చూడు."

"నిజంగనా? చేతికిస్తరా?" బాలమల్లు లేచి నిలబడ్డడు. మొఖమంత సంబురం. భూమన్నను ఇంకో చాయ్ పొయ్యమన్నడు. గా ఖుషీలనే, ఇన్నేండ్లు అడుగుతందుకు సిగ్గుపడ్డ ముచ్చట బయటవడ్డది.

"అక్కా, గదొక్కటి చెప్పు. ఆఖరు ఐతారం, ఖూనీ చేసినోడు గీ ఇంట్లనే ఉన్నడు, పేరు చెప్తున్న అని ఇన్‌స్పెక్టర్ అన్నది నాకు పైకి ఇనబడ్డది. ఆగలేకపోయిన. నిచ్చెన దిగి ఉరికొచ్చిన. నేను వచ్చేలోపట ఎవరి పేరు చెప్పిండే?"

బాలలక్ష్మి సంచి కింద పెట్టి ఆయన దిక్కు గుర్రుమని చూసింది.

"ఏం పేరు చెప్తడురా? నువ్వు గుంజ ఇడిచిపెడితివి, బొమ్మ పాయె, మాట పాయె! ఖూనీ ఎవలు చేసిండ్రో గియ్యాల్టికీ బెల్లంపల్లిల ఒక్కలకు సుత తెల్వది!"