నాలుగో మెట్టు

కార్ఖానా అనే బస్తీలో ఒక రెండో అంతస్తు వాటా. యానిమేషన్ నేర్చుకుంటున్న కూతురు తాను చేసిన బొమ్మను కంప్యూటర్లో తల్లికి చూపిస్తోంది.

“ఈ ముసల్ది బకెట్ పట్టుకొని మెట్లెక్కుతున్నదా? మంచిగున్నది బిడ్డా!”

“మొదలు చేసినప్పుడు బకెట్ల దూది ఉన్నట్టున్నదని సార్ నవ్విండమ్మా. బరువు కనబడాలన్నడు.”

“ఇప్పుడు కనబడుతున్నది. నడుము ఒకదిక్కు ఒరిగింది, చెయ్యి గోడకు ఆనించింది, కొంగు పండ్ల నడుమ పట్టింది... ఏందే, ఇది నేనే గద?”

“నువ్వే. మోటర్ ఖరాబైనప్పుడు కిందికెల్లి నీళ్లు మోసినవ్ గద. తలుపు చాటుకెల్లి ఫోన్ల తీసిన.”

“ఎన్ని రోజులు?”

“నాలుగు రోజులు.”

“పని శాన ఉన్నదంటివి. సరే, నేనే మోసుకుంట అంటిని.”

“తప్పైందమ్మా. ఒక్క బకెట్ సుత అందుకోలే.”

“ఏడ్వకు. సార్ ఇప్పుడేమన్నడు?”

“శాన మెచ్చుకున్నడు. నాలుగో మెట్టు కాడ ఆగి పైకి చూసుడు అన్నిటికన్న బాగున్నదన్నడు. ఆయాసమొస్తే మనుషులు గట్లనే ఆగుతరంట.”

“ఆయాసం కాదు బిడ్డా. తలుపు చప్పుడైతే, నువ్వొస్తున్నవనుకున్న.”