బెన్నీకి ఉద్యోగం దొరికింది

ముక్కు మూసుకుంటున్నవ్ గదా బావా! కల్లూరు నుంచి వచ్చి ఇంకా కుర్చీల సరిగ్గ కూసోనే లేదు నువ్వు. నేను రోజూ పొద్దుగూకేదాక ఈ వాసనలనే ఉంటున్న. పక్కనే చికెన్ షాపు. షట్టర్ ఎత్తితే ఈకలు, దించితే ఉక్కపోత. ఛీ!

నవ్వకు. "ఆఫీసు మంచిగుంది" అని మాత్రం అనకు, దండం పెడత.

ఇంట్ల నాకేం తక్కువుండె చెప్పు? హైదరాబాద్ల కంపెనీ ఇడిసిపెట్టి, సొంతంగ వెబ్‌సైట్లు చేసుకుందామని వస్తిని. ఖానాపురం హవేలిల మా ఎనక అర్ర ఖాళీ చేసి, సున్నమేసి, బల్ల కొట్టించి, రెండు స్క్రీన్లు పెట్టుకున్న. కరెంటు పోతే ఇన్వర్టర్. మీ చెల్లె అక్సా దవాఖానాల డ్యూటీ చేసి వచ్చి, ఎండ నా కండ్లల్ల పడొద్దని పర్దా గూడ కుట్టింది. అంత ముచ్చటగ పెట్టుకున్నం.

కానీ ఇంట్ల కూసున్నోడు పనోడెట్లైతడు? పక్కింటి భారతమ్మగారి గ్యాస్ బండ వస్తే నేనే దించుకోవాలె. ఎదురింటోళ్ల పార్శిల్ నేనే తీస్కోవాలె. "బెన్నీ, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త మా మోటారు కట్టెయ్యి." ఖాళీగ! కండ్లు గుంజుతుంటే కోడ్ రాస్తున్నోడు ఖాళీగ ఉన్నడట!

ఏంది? ఇది గూడ పనే అని ఇంట్ల ముందే చెప్పుకోవాలెనా? చెప్పలేదా నేను? మా అమ్మను పక్కన కూసోబెట్టుకొని చూపించిన. "ఇగో, ఈ సైటు నేనే చేసిన" అంటే, స్క్రీన్ దిక్కు జూసింది, నా మొఖం దిక్కు జూసింది. "మంచిగుంది నాయినా. మరి ఉద్యోగం ఎప్పుడొస్తది?" అన్నది.

ఇగ ఆ రోజు సంగతి విను.

విజయవాడల ఒకాయన, ఫర్నిచర్ వ్యాపారం. దుకాణాలన్నిటికీ కలిపి సైటు కావాలన్నడు. ఏడాదంత చేతినిండ పని. వీడియో కాల్ల నమూనా చూపిస్తున్న. "బాగుందండీ, బాగుందండీ" అంటున్నడు. ఒప్పుకున్నట్టే ఇగ.

తలుపు తెరుసుకున్నది. ముందు మా అమ్మ, ఎనక సంఘం ఆడోళ్లు, చేతులల్ల బైబిళ్లు. పొమ్మని నేను సైగ చేస్తున్న. ఎవరు జూస్తరు? అప్పటికే అందరు కండ్లు మూసుకున్నరు!

అమ్మ నా నెత్తిమీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, పని లేక మూలకు కూసున్న నా కొడుకును కనికరించు. పెళ్లాం జీతం మీద బతికే బతుకు వానికొద్దు తండ్రీ. ఏ షాపులనన్న గుమాస్తా పనన్న ఇప్పియ్యి" అని ఒకటే ఏడుపు. ఎనక నుంచి "ఆమెన్, ఆమెన్!"

మైకు బంద్ చేద్దామంటే ఒకామె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, ప్రార్థనకని.

ఆయనదీ తెలుగే గద బావా, ప్రతి మాటా అర్థమైంది. ప్రార్థన అయిపోయేదాక మర్యాదగ ఊకున్నడు. ఆఖరికి మెల్లగ, "బెన్నీగారూ, ఇంత ఇబ్బందుల్లో ఉన్నారని తెలీదండి. మా గోడౌన్లో ఏమన్నా ఉంటే చూస్తాను" అన్నడు. సైటు పని ఇంకెవరికో పోయింది.

అవ్, అరిచిన. ఎందుకు అరవను? అమ్మ బిత్తరపోయింది. "నీ మంచికే గద నాయినా" అని అన్నం తినకుండ పండుకున్నది. ఇగ ఆమెనేమంటం! మర్నాడే పోయి ఈ షట్టర్ కిరాయికి తీస్కున్న.

ఇప్పుడు పొద్దున్నే ఇన్‌షర్ట్ చేసి, టిఫిన్ డబ్బా పట్టుకొని బండెక్కుత. ఇక్కడ నెట్టు ఇంటికన్న అధ్వానం. కోళ్లు అరుస్తుంటే క్లయింట్లతోని మాట్లాడలేక మెసేజ్‌లు పెడుతున్న. అదే లాప్‌టాప్, అదే పని. కానీ భారతమ్మగారు గేటు కాడ నిలబడి "ఆఫీసుకా బెన్నీగారూ?" అంటది. గారు అట! చెప్పులేసుకొని బయటికి నడిచినందుకు మర్యాద! థూ!

మొన్న ఆదివారం చర్చిల అమ్మ సాక్ష్యం చెప్పింది. "నా బిడ్డకు ఉద్యోగం ఇచ్చిన దేవునికి స్తోత్రం" అని కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. పాస్టరు అయ్యగారు నన్ను లేవమన్నరు. అందరు చప్పట్లు.

లేచిన బావా. ఇది ఉద్యోగం కాదు, ఎనక అర్రల చేసిన పనే అని ఒక్క మాట అనలే. అక్సా తల దించుకున్నది.

నా మీద నాకే రోత పుట్టింది. కానీ నీకు మాత్రమే చెప్తున్న... ఆ చప్పట్లు ఇంకొంచెం సేపు ఉంటే బాగుండు అనిపించింది.